డయాలసిస్ మీద ఉన్నారా? పళ్ల కుర్చీ ఎక్కే ముందు ఇవి చూసుకోండి

ఇరవై ఆరేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేశాను. బస్సు కదలకముందే వే బిల్లు రాసుకోవడం, చిల్లర సర్దుకోవడం, ఫుట్‌బోర్డు మీద ఎవరు వేలాడుతున్నారో చూసుకోవడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. అంతటి జాగ్రత్తపరుణ్ణి నా సొంత పన్ను దగ్గరికి వచ్చేసరికి అన్నీ గాలికి వదిలేశాను. ఆ కథ ముందు చెప్పేస్తాను. ఎందుకంటే కింద రాసిన జాగ్రత్తల్లో సగం ఆ ఒక్క పన్ను నేర్పినవే.

2016 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ప్రత్యేక బస్సుల డ్యూటీ వేశారు. హనుమకొండ నుంచి ములుగు మీదుగా మేడారం, మళ్లీ వెనక్కి. దారంతా బళ్లు, దుమ్ము, నిద్ర లేదు. అప్పుడే కింది వరస కుడివైపు దవడ పన్ను పోటు మొదలైంది. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని పూటకొకటి వేసుకున్నాను. జాతర అయిపోయింది కానీ మాత్రలు అయిపోలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి, కొన్ని రోజులు రెండు, ఇలా ఏడాది దాటింది. అప్పటికే నాకు రక్తపోటు ఉంది, దాని మాత్ర మాత్రం గుర్తుంటే వేసుకునేవాణ్ణి, లేకపోతే లేదు. 2017 ఆగస్టులో కాళ్లు వాచి, అన్నం సయించక ఆస్పత్రికి వెళితే డయాలసిస్ మిషను మీద పడుకోబెట్టారు. మా కిడ్నీ డాక్టరు గారు నా కాగితాలన్నీ చూసి, "దొంగ రక్తపోటే, కానీ తలుపు తీసిపెట్టింది ఈ నొప్పి మాత్రలు" అన్నారు.

ఆ పన్ను మాత్రం అలాగే ఉంది. 2018 మొదట్లో ఒక శుక్రవారం ఉదయం డయాలసిస్ ముగించుకుని ఇంటికి వస్తుంటే మళ్లీ పోటు ఎత్తింది. మధ్యాహ్నం ఒంటిగంటకు దారిలో కనిపించిన పళ్ల క్లినిక్‌లోకి దూరిపోయాను. వాళ్లు జబ్బుల గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. పన్ను తీయించుకోవడానికి కిడ్నీల కథ ఎందుకని నా లెక్క. పది నిమిషాల్లో పన్ను ట్రేలో పడింది. రాత్రి తొమ్మిదింటికి కూడా నెత్తురు ఆగలేదు. దిండు గలీబు మార్చారు, మళ్లీ మార్చారు. అర్ధరాత్రి ఆటోలో అత్యవసర విభాగానికి వెళితే అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "మిషను మీంచి దిగి ఎన్ని గంటలైంది?" ఆ ప్రశ్న మధ్యాహ్నమే ఎవరైనా అడిగి ఉంటే, లేదా నేనే నోరు తెరిచి చెప్పి ఉంటే బాగుండేది. రెండు కుట్లు వేసి పంపించారు. జేబులో ఉన్న పళ్ల క్లినిక్ చీటీ చూసి అందులోని మాత్ర కూడా కొట్టేశారు. ఏడాదిపాటు నేను మింగిన రకమే అది.

నేను డాక్టర్ని కాను. ఇద్దరు డాక్టర్లను విసిగించి, డయాలసిస్ టెక్నీషియన్లను అడిగి తెలుసుకున్నవి ఇవి. మీ ఒంటి లెక్క మీ డాక్టరుకే తెలుసు. వాళ్లను ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

రోజు ఎంచుకోవడం

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇదే. మిషను గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా డయాలసిస్ సమయంలో హెపారిన్ అనే మందు ఇస్తారు. దిగిన తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు గంటల వరకు దాని ప్రభావం ఒంట్లో ఉంటుంది. దీనికి తోడు కిడ్నీలు పనిచేయని మనిషికి రిపోర్టులో ప్లేట్‌లెట్ల (నెత్తురు గడ్డకట్టించే కణాల) సంఖ్య సరిగ్గానే కనిపించినా అవి చురుగ్గా అతుక్కోవు. అంటే మనకు గాయం మామూలుగానే ఆలస్యంగా ఆగుతుంది, డయాలసిస్ రోజున మరీ ఆలస్యం. పైగా నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచాక తల తిరుగుతుంటుంది, రక్తపోటు పడిపోతుంటుంది. ఆ పూట పళ్ల కుర్చీలో వెనక్కి వాలడం ఎవరికీ మంచిది కాదు.

కాబట్టి డయాలసిస్ అయిన మర్నాడు వెళ్లాలి. అప్పటికి హెపారిన్ పోయి ఉంటుంది, ఒంట్లో మలినాలూ నీరూ తక్కువగా ఉంటాయి, మనిషి కాస్త తేరుకుని ఉంటాడు. నాది సోమ, బుధ, శుక్రవారాల షిఫ్టు. అంటే మంగళ, గురు, శనివారాలు నావి. ఆదివారం కూడా ఖాళీయే కదా అంటారేమో. శుక్రవారం దిగితే మళ్లీ సోమవారం దాకా మిషను లేదు. ఆ రెండు రోజుల విరామం చివరికి పొటాషియం, నీరు బాగా పేరుకుంటాయి. ఆదివారం సాయంత్రం పళ్ల పని పెట్టుకోవద్దు.

ఇక మూడింటిలో ఏది? పళ్లు శుభ్రం చేయించుకోవడం, పుచ్చు నింపించుకోవడం లాంటి చిన్న పనులైతే ఏ మర్నాడైనా ఒకటే. పన్ను తీయించుకోవాలంటే మాత్రం నా ఓటు శనివారం ఉదయానికే. మళ్లీ హెపారిన్ ఎక్కేది సోమవారం కాబట్టి గాయం మానడానికి దాదాపు రెండు రోజులు దొరుకుతాయి. చిక్కల్లా ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది. అందుకే శనివారం పెట్టుకుంటే పళ్ల డాక్టరు గారి ఫోను నంబరు తీసుకుని, ఆదివారం నెత్తురు కారితే ఎక్కడికి రావాలో ముందే అడిగి పెట్టుకోవాలి. ఆ భరోసా దొరక్కపోతే మంగళవారమే నయం. ఏ రోజైనా సరే, తర్వాతి డయాలసిస్‌కు వెళ్లగానే సూది గుచ్చకముందే టెక్నీషియన్‌కు చెప్పండి: "పన్ను తీయించుకున్నాను, హెపారిన్ సంగతి డాక్టరు గారిని అడగండి." ఆ పూటకు మోతాదు తగ్గిస్తారు, లేదా హెపారిన్ లేకుండానే నడిపిస్తారు. ఈ ఒక్క మాట మరిచిపోయి, ఆగిన గాయం మళ్లీ తెరుచుకున్న మనిషిని మా యూనిట్‌లోనే చూశాను. నోట్లో గుడ్డ కుక్కుకుని నాలుగు గంటలు కూర్చున్నాడు పాపం.

పొట్టలోంచి చేసుకునే డయాలసిస్ వాళ్లకు ఈ రోజుల గొడవ లేదు. మిగతా జాగ్రత్తలన్నీ వాళ్లవి కూడా.

ఒక కాగితం

పళ్ల డాక్టరుకు మన కిడ్నీ గురించి తెలియదు. కిడ్నీ డాక్టరు మన నోట్లోకి తొంగిచూడరు. ఇద్దరి మధ్యా వార్తలు మోసేది మనమే. నోటితో చెబితే సగం మరిచిపోతాం, అందుకే నేను ఒక కాగితం రాసి రెండు నకళ్లు తీయించాను. దాదాపు యథాతథంగా ఇక్కడ పెడుతున్నాను, మీ వివరాలతో మార్చుకోండి. ఇందులో ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన దారి.

"డాక్టరు గారికి నమస్కారం. నాకు రెండు కిడ్నీలూ పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఆరు నుంచి పది వరకు హెపారిన్‌తో డయాలసిస్ జరుగుతుంది. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, ఆ చేతికి రక్తపోటు పట్టీ, సూది వద్దు. నాకు రక్తపోటు ఉంది, షుగరు లేదు. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, హెపటైటిస్ బి, సి పరీక్షల తాజా రిపోర్టులు జత చేశాను. నేను వాడే మందుల జాబితా వెనక ఉంది. నా కిడ్నీ డాక్టరు గారి ఫోను నంబరు కింద ఉంది. దయచేసి ఏ పన్నుకు ఏం చేయబోతున్నారో, మత్తు ఇంజెక్షను, ఆంటీబయాటిక్, నొప్పి మాత్ర ఏవి రాయబోతున్నారో ఈ కింది ఖాళీలో రాయండి. నేను మా డాక్టరు గారికి చూపించి వస్తాను."

ఆ ఖాళీ చాలా ముఖ్యం. దాంతో మొదటి రోజు పరీక్ష, ఎక్స్‌రే మాత్రమే అవుతాయి, అసలు పని రెండోసారికి పోతుంది. రెండుసార్లు తిరగాలని విసుక్కోకండి. నా కాగితం చూసి ఒక క్లినిక్‌లో ముఖం చిట్లించారు. ఇంకోచోట డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆసాంతం చదివి, "ఇది అందరూ తెస్తే నాకు ఎంత తేలిక" అన్నారు. అప్పటినుంచి నా పళ్లు ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

హెపటైటిస్ సంగతి దాచిపెట్టేవాళ్లను చూశాను, వెనక్కి పంపిస్తారేమో అన్న భయంతో. దాచవద్దు. డయాలసిస్ యూనిట్లలో ఈ పరీక్షలు ఎలాగూ క్రమం తప్పకుండా చేస్తారు, రిపోర్టు మీ ఫైల్లోనే ఉంటుంది.

పళ్ల పనికి ముందు ఆంటీబయాటిక్ వేసుకోవాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లకు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు నెత్తురు వచ్చే పళ్ల పనికి ముందు ఇస్తారు. ఫిస్టులా ఉందన్న ఒక్క కారణంతో ప్రతివాళ్లకూ అక్కర్లేదు. మెడలో క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉన్నవాళ్ల సంగతి కిడ్నీ డాక్టరు విడిగా ఆలోచిస్తారు. పక్క మంచం ఆయన వేసుకున్నాడని మీరు వేసుకోవద్దు.

మాత్రల పట్టీ తిప్పి చదవండి

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నా కిడ్నీల మీద దెబ్బ పడింది ఇక్కడే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కెటొరొలాక్, నిమెసులైడ్. ఈ ఐదు పేర్లూ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. పళ్ల నొప్పికి సాధారణంగా రాసేవి ఇవే. కిడ్నీ సగం పోయినవాళ్లకు మిగిలిన సగాన్ని దెబ్బతీస్తాయి, డయాలసిస్ వాళ్లకు నెత్తురు ఆగకుండా చేస్తాయి, మూత్రం కాస్తో కూస్తో వస్తుంటే అదీ పోగొడతాయి. మార్పిడి చేయించుకున్నవాళ్లకైతే కొత్త కిడ్నీకే ముప్పు. మోసం ఎక్కడ ఉందంటే, పట్టీ ముందువైపు పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది. తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో "ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్" అని రెండూ కలిపి ఉంటాయి. షాపులో అబ్బాయి "పారాసిటమాలే అన్నా" అంటాడు. అబద్ధమేమీ కాదు, సగం నిజం. ఉత్త పారాసిటమాల్ అయితే మనకు సాధారణంగా ఫరవాలేదు, రోజుకు ఎన్ని అన్నది మాత్రం డాక్టరు చెప్పాలి.

ఆంటీబయాటిక్‌లలో అమాక్సిసిలిన్‌ను మనకు తగ్గించిన లెక్కలో ఇస్తారు. అది డయాలసిస్‌లో ఒంట్లోంచి కొట్టుకుపోతుంది కాబట్టి, డయాలసిస్ రోజున ఆ మాత్ర మిషను దిగాకే వేసుకోవాలి. ఉదయం ఆరింటికి ముందు మింగి వెళ్లారంటే చాలావరకు గొట్టంలో పోసినట్టే. టెట్రాసైక్లిన్, జెంటామైసిన్ లాంటి మందులు రాస్తే కిడ్నీ డాక్టరును అడగకుండా తీసుకోవద్దు. చిగురుకు ఇచ్చే మత్తు ఇంజెక్షను గురించి భయపడేవాళ్లు ఎక్కువ కానీ, లిగ్నొకైన్‌ను కరిగించేది ప్రధానంగా కాలేయం. దానితో పేచీ తక్కువ. రక్తపోటు అదుపులో ఉందో లేదో చూసి ఇస్తారు, అంతే.

పన్ను తీసిన రోజు ఇంట్లో

పన్ను తీసిన చోట కుట్టు వేయమని, రక్తం ఆపే జెల్ స్పాంజి పెట్టమని ముందే అడగండి. మామూలు మనిషికి అక్కర్లేకపోవచ్చు, మనకు కావాలి. తర్వాత ఇచ్చే మడతపెట్టిన కట్టు గుడ్డను అరగంటసేపు గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఆగిందో లేదో చూద్దామని మూడు నిమిషాలకోసారి తీస్తే కట్టుకుంటున్న గడ్డ గుడ్డతోపాటే ఊడి వస్తుంది. ఆ రోజంతా పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు, గొట్టంతో పీల్చి ఏమీ తాగవద్దు. అరగంట చొప్పున రెండుసార్లు కొరికి పట్టినా నెత్తురు కారుతూనే ఉంటే తెల్లవారే దాకా ఆగకండి. నేను చేసిన తప్పు అదే, అర్ధరాత్రి దాకా కూర్చున్నాను.

ఇప్పుడు తిండి. ఈ మాట ఏ క్లినిక్ చీటీలోనూ నేను చూడలేదు. పన్ను తీయగానే అందరికీ చెప్పే సలహా: "చల్లగా ఐస్‌క్రీం తినండి, కొబ్బరి నీళ్లు తాగండి, పళ్ల రసం తీసుకోండి." ఇందులో ఒక్కటి కూడా మనది కాదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం మెండు, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. బత్తాయి రసం, అరటిపండు గుజ్జు అదే దారి. ఐస్‌క్రీంలో మన కిడ్నీలు బయటికి పంపలేని భాస్వరం ఉంది, కరిగితే అది కూడా రోజూ కొలిచి తాగే మన నీళ్ల లెక్కలోకే వస్తుంది. చూడటానికి వచ్చిన చుట్టాలు ప్రేమగా కొబ్బరి బోండాలే తెస్తారు. నేను మా ఆవిడకు ముందే చెప్పి పెట్టాను, వచ్చిన బోండాం వచ్చినట్టు చుట్టాలకే కొట్టి ఇవ్వమని.

నేను తిన్నవి ఇవి: మెత్తగా ఉడికించి చల్లార్చిన అన్నంలో రెండు చెంచాల పెరుగు, పల్చగా చేసి చల్లార్చిన బొంబాయి రవ్వ ఉప్మా, చిదిపిన ఇడ్లీ, ఉడికిన గుడ్డులో తెల్లసొన. తెల్లసొన మనకు వరం, మాంసకృత్తులు ఇస్తుంది, భాస్వరం దాదాపు లేదు, నమలక్కర్లేదు. కారం, వేడి, నువ్వులు, మక్క గట్క (మొక్కజొన్న రవ్వ ఉడికించింది) రెండు రోజులు పక్కన పెట్టాను. గట్క మెత్తగానే ఉంటుంది కదా అని మా ఆవిడ వాదించింది. మక్క రవ్వ పలుకు గాయంలో చేరితే తీయడం ఎవరి తరం? చల్లదనానికి ఒక చిన్న ఐసు ముక్క చాలు, అది కూడా రోజు నీళ్లలోంచే కొలిచి గడ్డకట్టించింది. బయట దవడ మీద గుడ్డలో చుట్టిన ఐసు ఎంతసేపైనా కాదు, పది నిమిషాలు పెట్టి పది నిమిషాలు తీయాలి.

రోజువారీ నోరు

డయాలసిస్ వాళ్ల నోరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది. నీళ్లు కొలిచి తాగాలి, లాలాజలం తగ్గుతుంది, ఉన్న లాలాజలంలోనూ యూరియా ఎక్కువ. అది నోట్లో అమ్మోనియాగా మారి ఒకరకమైన మూత్రపు వాసన, నాలుక మీద ఇనుప రుచి వస్తాయి. గార కూడా తొందరగా పట్టేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముఖం పక్కకు తిప్పుకుంటే బాధగా ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన మనవరాలిని దగ్గరికి తీసుకోవడం మానేశాడు. ఇది మురికితనం వల్ల వచ్చింది కాదని ఇంట్లోవాళ్లకు ఒకసారి చెప్పండి.

దాహానికి నీళ్లకన్నా ముందు చూడాల్సింది ఉప్పు. ఆవకాయ ముక్క తిన్న పూట నోరు పిడచకట్టుకుపోతుంది, మానేసిన వారం తేడా మీకే తెలుస్తుంది. నీళ్లు పుక్కిలించి ఉమ్మేయవచ్చు, మింగనంతవరకు అది లెక్కలోకి రాదు. నేను రోజుకు ఎనిమిది పదిసార్లు అలా చేసేవాణ్ణి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే లాలాజలం ఊరుతుంది. నిమ్మచెక్క చప్పరించవద్దు, ఎండిన నోట్లో పులుపు పళ్ల పింగాణీని తినేస్తుంది. మేడారం బంగారం అంటూ ఎవరైనా బెల్లం ముక్క చేతిలో పెడితే కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇవ్వండి. అందులోనూ పొటాషియం ఉంది, పైగా పళ్లకు అతుక్కుంటుంది.

వేప పుల్ల, ఉప్పు బొగ్గు పొడి నాకు చిన్నప్పటి అలవాటు. డయాలసిస్ మొదలయ్యాక మెత్తటి బ్రష్షుకు మారాను, చిగుళ్లు గీసుకుపోయి పొద్దున్నే వాష్ బేసిన్ ఎర్రబడుతుంటే తప్పలేదు. ఆరు నెలలకోసారి గార తీయించుకోవాలి. చిగుళ్లు బాగున్నా పళ్లు ఊగుతుంటే అది పళ్ల జబ్బు కాకపోవచ్చు. కిడ్నీ పోయినవాళ్లకు గొంతు దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి, దవడ ఎముక కూడా పలచబడుతుంది. పీకించేముందు పీటీహెచ్ (ఆ గ్రంథుల హార్మోను) రిపోర్టు ఒకసారి కిడ్నీ డాక్టరుకు చూపించండి.

మార్పిడికి ముందు

కిడ్నీ మార్పిడి అంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తం పరీక్షలే అనుకున్నాను. పళ్ల డాక్టరు సంతకం కూడా కావాలన్నారు. మార్పిడి తర్వాత ఒంటి రక్షణ శక్తిని మందులతో అణిచిపెడతారు. పంటి వేరు కింద దాక్కున్న చీము అప్పుడు రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. మొత్తం దవడ ఎక్స్‌రే తీస్తే నొప్పే లేని రెండు పళ్ల వేళ్ల దగ్గర మచ్చలు కనిపించాయి. తీయించాలి, మానాలి, ఇంకో రెండింటికి పుచ్చు నింపాలి. ఆరు వారాలు గడిచాయి. కిడ్నీ ఇస్తానన్నది పరకాలలో ఉండే మా అక్క. తోబుట్టువు చట్టం ప్రకారం దగ్గరి బంధువుల జాబితాలోనే ఉంటుంది కాబట్టి కాగితాలు సాఫీగా నడిచాయి. అక్క పరీక్షలన్నీ అయిపోయి, రెండుసార్లు తేదీ మారేసరికి ఫోను చేసి అంది: "నా కిడ్నీ సిద్ధంగా ఉందిరా తమ్ముడూ, నీ పళ్లే సిద్ధంగా లేవా?"

అందుకని, మార్పిడి ఆలోచన వచ్చిన మొదటి నెలలోనే పళ్ల పని మొదలుపెట్టండి. చనిపోయినవాళ్ల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆ పిలుపు ఏ అర్ధరాత్రైనా రావచ్చు. ఆ రాత్రి దవడ వాచి ఉంటే వచ్చిన కిడ్నీ మరొకరికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకుని ఆ కాగితం ఫైల్లో పైనే పెట్టుకోండి. బాగుచేసినా నిలబడుతుందో లేదో అన్న పన్నును డాక్టరు తీసేద్దామంటే బేరమాడకండి.

మార్పిడి తర్వాత

2019 అక్టోబరులో అక్క కిడ్నీ నాకు పెట్టారు. ఆ తర్వాత కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌కు వెళ్లి రావడమే మొదట్లో నా ఉద్యోగం. మొదటి ఆరు నెలలు వాయిదా వేయగల పళ్ల పని ఏదీ పెట్టుకోవద్దన్నారు, నొప్పి, వాపు లాంటి అత్యవసరాలకు తప్ప. ఆ తర్వాత కూడా మార్పిడి చేసిన డాక్టరుకు చెప్పకుండా స్కేలింగ్ (గార తీయడం) కూడా చేయించుకోలేదు. ముందు ఆంటీబయాటిక్ కావాలా, పెద్ద పని అయితే స్టెరాయిడ్ మోతాదు పెంచాలా అన్నది వాళ్లు తేల్చాలి.

మందుల జాబితా ఇప్పుడు మారుతుంది. రక్షణ శక్తిని అణిచే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే ఆంటీబయాటిక్‌లు ఇస్తే రక్తంలో ఆ మందుల స్థాయి పెరిగిపోతుంది, కొత్త కిడ్నీ దెబ్బతింటుంది. నోటి పూతకు ఇచ్చే ఫ్లూకొనజోల్ మాత్ర, మైకొనజోల్ జెల్ కూడా అంతే. ఉత్త జెల్లే కదా అని పూసుకోవడం తేలిక. ఏ కొత్త మందైనా మొదటి మాత్ర మింగకముందే ఫోను చేసి అడుగుతాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు టాక్రోలిమస్ వేళ తప్పించను, ఉదయం తొమ్మిది, రాత్రి తొమ్మిది.

నోట్లో చూసుకోవాల్సినవి మూడు. తుడిస్తే వచ్చే తెల్లటి పెరుగు లాంటి పూత, అది ఫంగస్. కట్టుడు పళ్లు ఉంటే రాత్రి తీసి కడిగి పెట్టుకోవాలి, వాటి కింద అది బాగా పెరుగుతుంది. రెండోది, రెండు వారాలు దాటినా మానని పుండు, మచ్చ, పెదవి మీద పగులు. మన మందుల వల్ల క్యాన్సర్ ముప్పు మామూలువాళ్లకన్నా ఎక్కువ, కాబట్టి ఖైనీ, గుట్కా, జర్దా మాట ఎత్తవద్దు. మూడోది చిగుళ్లు పెరగడం. సైక్లోస్పోరిన్ వల్ల, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రల వల్ల పంటికీ పంటికీ మధ్య చిగురు మొగ్గలా ఉబ్బుతుంది. రెండూ కలిస్తే మరీ ఎక్కువ. జనగామ నుంచి వచ్చే ఒక తమ్ముడికి ముందు పళ్లు సగం దాకా చిగురు కప్పేసింది, నవ్వితే పాలపళ్ల పిల్లాడిలా ఉండేవాడు. సిగ్గుపడి ఆ మాత్రలు తనే ఆపేద్దామనుకున్నాడు. ఆపకుండా డాక్టరుకు చూపించమని తీసుకెళ్లాను. మందు మార్చారు, పళ్లు శుభ్రం చేయించారు, కొన్ని నెలల్లో చాలావరకు దిగింది. గార ఉన్నచోటే చిగురు ఎక్కువ పెరుగుతుందని అప్పుడే తెలిసింది.

ఇంకొకటి. స్టెరాయిడ్ల వల్ల జ్వరం, వాపు, నొప్పి పైకి తెలియకపోవచ్చు. సంక్రాంతికి సకినం కొరికితే నా పై పన్ను చిట్లింది. నొప్పి పెద్దగా లేదు, మామూలుగా అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. మర్నాడే వెళ్లి చూపిస్తే లోపల అప్పటికే చీము పట్టింది.

ఇప్పుడు నాకు డయాలసిస్ రోజులు లేవు, ఏ వారమైనా వెళ్లవచ్చు. ఎడమ చేతి ఫిస్టులా మాత్రం ఇంకా ఉంది, వేలు ఆనిస్తే జుమ్మని తగులుతుంది. ఎప్పుడైనా అవసరపడితే అదే దారి కాబట్టి కాపాడుకోమన్నారు. పోయిన నెల పళ్ల క్లినిక్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రక్తపోటు పట్టీ పట్టుకుని నా ఎడమవైపు వచ్చి నిలబడింది. నేను కుడి చేయి చాపి, ఎడమ చేతిని చొక్కా కింద దాచుకున్నాను. "అంకుల్, ఆ చేతికేమైంది?" అని అడిగింది. జేబులోంచి కాగితం తీసి ఆ అమ్మాయికి ఇచ్చాను.